సంతకం పెట్టని ఫిర్యాదు

దయ్యాలు ఉన్నాయనే వాళ్ళతో నేను పెళ్ళిళ్ళలో వాదించాను, రైల్లో వాదించాను, మా అత్తగారితో ఆమె పోయేదాకా వాదించాను. బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివినదాన్ని. పదిహేనేళ్ళుగా పిల్లలకు ట్యూషన్ చెబుతున్నదాన్ని. నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి మా వీధివాళ్ళు "సూస్తిరా, ఒప్పుకొనింది" అని చంకలు కొట్టుకోకూడదు.

మాది ధర్మవరం. నేతపని వాళ్ళ వీధి. వీధి మలుపులో ఒక కరెంటు స్తంభం, నంబరు ముప్పై ఏడు. దాని పక్కనే మురుగుకాలువ మీది బండ విరిగి, నడుము లోతు గుంత పడింది. వానలు మొదలైనప్పుడు ఆ స్తంభం మీది లైటు ఆరిపోయింది. వారం తిరగకుండా ఎదురింటి కుళ్ళాయమ్మ ఆ గుంతలో పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది.

నా భయమంతా మా నాయన గురించి. ఆయనకు డెబ్భై తొమ్మిది. జీవితమంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని పట్టుచీరలు నేసిన మనిషి. చూపు దాదాపు పోయింది. మొహాలు కనబడవు, రంగులు మాత్రం ఇప్పటికీ తెలుస్తాయి. పొద్దుగూకితే మగ్గం దిగి టీకొట్టుకు పోవడం ఆయన అలవాటు. నేయడం మానేసి ఆరేళ్ళయినా ఆ వేళకు చెప్పులు వేసుకుంటాడు. తోడు వస్తానంటే, "నేనేమన్నా పసిబిడ్డనా పాపా? నీ ట్యూషను నువ్వు సూసుకో పో" అంటాడు. ఆయన ఆ గుంతలో పడితే మళ్ళీ లేవడని నాకు తెలుసు.

మనిషిని ఆపలేనప్పుడు లైటైనా వేయించాలి. వార్డు ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. స్తంభం నంబరు రాయలేదని తీసుకోలేదు. స్తంభానికి అంటించిన పోస్టర్లు గోళ్ళతో గీకి, నంబరు చూసుకొని మళ్ళీ ఇచ్చాను. నాలుగోసారి పోయి అడిగాక ఇద్దరు నిచ్చెనతో వచ్చి, లైటు మొత్తం విప్పి రిపేరుకని పట్టుకుపోయారు. వైరు కొసలకు నల్లటేపు చుట్టారు. నేను కిందే నిలబడి చూశాను. పైన ఉత్త ఇనుప గొట్టం మిగిలింది.

ఇది జరిగిన తొమ్మిదో రోజు. సాయంత్రం ఏడు దాటింది, సన్నటి తుంపర. నాయన ఇంకా రాలేదు. పిల్లలకు ఒక లెక్క ఇచ్చి గొడుగు తీసుకొని బయలుదేరాను. సగం వీధి నడిచేసరికి మలుపులో వెలుతురు కనిపించింది. ఇప్పటి తెల్ల లైటు వెలుతురు కాదు. పసుప్పచ్చది. నా చిన్నప్పుడు వీధుల్లో రేకు టోపీ కింద బల్బులుండేవి, అలాంటిది. అందులో చినుకులు కూడా కనిపించాయి. నాయన ఆ వెలుతురులో ఆగి, చేతికర్రతో గుంత అంచు తడిమి, చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు.

అమ్మయ్య, వేశారు అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఆయన తలకు గొడుగు పట్టి, చెయ్యి పట్టుకొని వెనక్కి చూస్తే మలుపంతా చీకటి. ఫోను టార్చి వేసుకొని స్తంభం దగ్గరికి పోయాను. ఇనుప గొట్టం, నల్లటేపు. వేరే ఏమీ లేవు.

"లైటేసినారు కదా," అన్నాడు నాయన. "తెల్లది కాదు పాపా. పాత జరీ రంగు."

జరీ రంగు గురించి మా నాయన ఒక మాట చెబితే మా వీధిలో ఎవరూ ఎదురు చెప్పరు.

మరునాడు సాయంత్రం అన్నీ పరీక్షించాను. బండ్ల హెడ్‌లైట్లు ఆ మూలకు పడవు. ఎదురిళ్ళ కిటికీల వెలుతురు కాలువదాకా రాదు. ఆ పని ముగించి ఇంటికి వస్తుంటే ఫోనుకు వార్డు ఆఫీసు నుంచి సందేశం వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. సాక్ష్యానికి ఒక ఫోటో. స్తంభం మీద 37 అంకె స్పష్టంగా ఉంది. దానిపైన రేకు టోపీ, కింద వెలుగుతున్న బల్బు. ఫోటో మీద ముందురోజు తేదీ, సమయం ఏడూ పన్నెండు.

పొద్దున్నే వార్డు ఆఫీసుకు పోయాను. అక్కడి ఉద్యోగిని ఫోటో చూసి, "ఎలుగుతాండాది కదా మేడం. ఇంగేం కావల్ల మీకు? ఈడ సంతకం పెట్టండి," అని కాగితం తోసింది. ఆమె వెనక బీరువా పక్కన విప్పి తెచ్చిన లైట్లు నాలుగు నేలమీద ఉన్నాయి. ఒకదానిమీద పెయింటుతో 37 అని రాసి ఉంది. వేలు పెట్టి చూపించాను. ఆమె దాన్ని చూసింది, ఫోటో చూసింది, మళ్ళీ దాన్ని చూసింది.

ఫోటో తీసిన లైట్ల పనివాడు నారాయణప్పను పిలిపించింది. నలభై దాటిన, నెమ్మదైన మనిషి.

"నేను పొయ్యేతలికి ఎలుగుతాండె మేడం. మావోళ్ళే ఎవరో ఏసిపోయినారు అనుకొంటి. మీ నాయన గూడా టీకొట్టు దిక్కునుంచి వస్తాండె."

"వేసిందెవరప్పా?"

"నన్నడిగితే నేను యాడ సెప్పేది మేడం?"

ఆ కాగితంలో 'పని చేసినవారి పేరు' అని ఒక గడి ఉంది. అది నింపితేగాని సంతకం పెట్టనన్నాను. ఎవరో ఒకరి పేరు రాసుకొంటాంలెండి అంది ఆమె. "రాయండి. ఈ మూలన ఉన్న లైటు ఆ మలుపులో ఎట్లా వెలిగిందో కూడా ఆ పేరు కింద రాయండి," అన్నాను. ఎవరూ పెన్ను ముట్టుకోలేదు. ఆ కాగితం మడిచి నా సంచిలో పెట్టుకొని వచ్చేశాను.

సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. కుళ్ళాయమ్మ కట్టుకట్టిన చేతితోనే వచ్చి, రెండో చేత్తో స్తంభానికి పసుపు కుంకుమ పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు మొక్కులు మొదలైతే, దేవుడే చూసుకుంటున్నాడని ఆఫీసువాళ్ళు ఫైలు మూసేస్తారని కేకలేశాను.

"నువ్వు తల్లీ, దేవుడొచ్చి ఎదురుగా నిలబడినా స్తంభం నంబరెంత అంటావు," అంది కుళ్ళాయమ్మ.

అంటాను. ఎందుకనను?

కొత్త ఫిర్యాదు రాశాను. అందులో విరిగిన బండ కూడా చేర్చాను. రోజూ పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి మెట్లమీద కూర్చున్నాను. రెండు వారాలకు తెల్ల లైటు వచ్చింది, కాలువమీద బండ పడింది. కొత్త కాగితం గడిలో నారాయణప్ప తన పేరు రాశాడు, నేను సంతకం పెట్టాను. నాయన ఇప్పుడూ ఆ దారినే టీకొట్టుకు పోతున్నాడు. తెల్ల లైటు కళ్ళలో పొడుస్తోందని రోజూ సణుగుతాడు.

ఆ పసుప్పచ్చ వెలుతురు మళ్ళీ కనబడలేదు. ఫోటో ఇంకా నా ఫోనులో ఉంది. నా దగ్గర చదువుకొని ఇప్పుడు కరెంటు పనులు చేయించే ఒకాయనకు చూపించాను. ఏదో ప్రతిబింబం మేడం అన్నాడు. రేకు టోపీ కూడా ప్రతిబింబమేనా అంటే, ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసి ఫోను నా చేతికిచ్చేశాడు. జవాబు లేనంత మాత్రాన దయ్యమని ఒప్పుకోను.

మొదటి ఫిర్యాదు కాగితం నా బీరువాలో ఉంది. దానిమీద సంతకం పెట్టలేదు, ఆ గడి ఖాళీగానే ఉంది. ఆ సాయంత్రం లైటు వేసినవాళ్ళెవరో వచ్చి పేరు చెబితే, సంతకం పెట్టడానికి నాకేమీ అభ్యంతరం లేదు.