ముప్పై ఏళ్ళ పుస్తకంలో ఒక గడి

మా అక్కని బడి పిల్లలు వెనకాల ‘శీతోష్ణం టీచర్’ అనేవాళ్ళు. ఆవిడకి తెలుసు, పట్టించుకునేది కాదు. ఏడో తరగతికి సైన్సు చెప్పేది. ‘వాతావరణం’ అన్న మాటని ఎవరైనా ఇష్టమొచ్చినట్టు వాడితే మాత్రం ఊరుకునేది కాదు. మనం అన్నిటికీ అదే మాట వాడేస్తాం కదా, చుట్టూ ఉన్న గాలికీ, ఇవాళ్టి ఎండకీ, ఆఖరికి ఇంట్లో కోపతాపాలకీ. అక్క బోర్డు మీద గీత గీసి విడదీసేది. ఇవాళ గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అన్నది వాతావరణం. ఒక చోటి ఎండావానల ముప్పై ఏళ్ళ సగటు శీతోష్ణస్థితి. పాలాయన ఒకసారి ఆటపట్టించడానికి, ఇవాళ శీతోష్ణస్థితి ఎలా ఉందమ్మా అని అడిగితే, ముప్పై ఏళ్ళాగి అడగమంది.

నిజంగానే ఆగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే బడి వెనక నీడలో, గాలాడే చెక్కపెట్టెలో థర్మామీటర్ పెట్టించింది. రోజూ పొద్దున ఎనిమిదింటికి అంకె చూసి, లావుపాటి పుస్తకంలో ఆ రోజు గడిలో రాసేది. సెలవులైనా, జ్వరమొచ్చినా మానేది కాదు. ముప్పై ఏళ్ళు నిండాక మొదటి పదేళ్ళ సగటునీ చివరి పదేళ్ళ సగటునీ పక్కపక్కన పెట్టి, ఎంత వేడెక్కిందో పిల్లల చేతే లెక్క కట్టించాలని ఆవిడ కోరిక. వేరే ఏ కోరికా నాకెప్పుడూ చెప్పలేదు.

ఇరవై తొమ్మిదో ఏడు సగంలో ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడింది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను కుట్టుపని చేసేదాన్ని. బడి మా వెనక వీధే కనక పుస్తకం నా చేతికొచ్చింది. రోజంతా టేపు పట్టే చేతికి ఇదో లెక్కా అనుకున్నాను. ఒకరోజు పని ఒత్తిడిలో వెళ్ళడం మర్చిపోయి, ముందురోజు అంకెనే మళ్ళీ రాసేశాను. అక్క మంచం మీదే పుస్తకం తిప్పి ఇట్టే పట్టేసింది. తెల్లవారుజామున వాన పడి చల్లబడ్డ రోజది.

“ఇదెక్కడిదే?” అంది. వెళ్ళలేదని ఒప్పుకున్నాను.

“వెళ్ళకపోతే ఖాళీ వదిలెయ్యవే. ఖాళీ గడి అబద్ధం కాదు. ఒక్క రోజు పోతే సగటుకేం కాదు.”

నా చేతే కొట్టేయించింది. ఆ తర్వాత నేను ఒక్క రోజూ మానలేదు. మొండితనంలో ఆవిడ చెల్లెల్నే.

ముప్పై ఏళ్ళు నిండడానికి ఇంకా పదకొండు రోజులుందనగా అక్కకి మాట పడిపోయింది. డాక్టరు ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నాడు. మర్నాడు పొద్దున మంచం పక్కనే కూర్చున్నాను. ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ. నేను పుస్తకం వైపు చూడడం ఆవిడ చూసింది. చెయ్యి కొంచెం పైకెత్తి వేళ్ళు ఆడించింది. వెళ్ళమంటోంది అనుకున్నాను. ఇప్పుడే వస్తానక్కా అని చెప్పి పరుగెత్తాను. ఇరవై ఏడున్నర డిగ్రీలు. రాసుకుని తిరిగొచ్చేసరికి పది నిమిషాలు కూడా కాలేదు. అక్క లేదు. చెయ్యి నా కుర్చీ వైపు చాచి ఉంది.

మిగిలిన రోజులు ఏడ్చుకుంటూ రాశాను. కొత్త టీచరు నన్ను బడికి పిలిపించింది. పిల్లలు రెండు సగటులూ కట్టారు. డిగ్రీకి పైనే పెరిగింది. ఒక పిల్ల లేచి, పుస్తకం మొత్తంలో ఒక్క గడే కొట్టేసి ఉందేమని అడిగింది. నా దొంగపని చెప్తే అందరూ నవ్వారు. అక్క పోయిన రోజు గడి గురించి ఎవరూ అడగలేదు. అందులో అంకె సరిగ్గానే ఉంది మరి.

వేళ్ళు అలా ఆడిస్తే వెళ్ళమనీ కావచ్చు, దగ్గరికి రమ్మనీ కావచ్చు. ఏదో నాకిప్పటికీ తెలీదు. ఒక్క రోజు పోతే సగటుకేం కాదని అక్కే చెప్పింది. ఆ గడి నేను ఖాళీ వదిలెయ్యాల్సింది.