ఫ్రీజర్ డబ్బాకు లాగిన వైరు

కరెంటు పోతే ఓపిక పట్టడం మా ఇంట్లో అందరికీ వచ్చు, నాకు తప్ప. వరంగల్‌లో పవర్‌లూం షెడ్డులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. కరెంటు పోగానే మిగతావాళ్లు బీడీ ముట్టించి గోడకు ఒరుగుతారు. నేను మాత్రం మీటరు డబ్బా ముందు నిలబడి ఎవరినో ఒకరిని తిడుతుంటాను. ఇంట్లోనూ అంతే. "తిడితె వస్తదారా కరెంటు? కూసో జర" అనేది అమ్మ. నేను కూర్చున్నది ఎన్నడూ లేదు.

ఆ అమ్మ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయింది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. చెల్లెలు ముంబై దగ్గరి భివండిలో ఉంటుంది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ అక్కడి మగ్గాల మీదే బతుకుతున్నారు. అమ్మను చూసి రెండేళ్లయింది. ఫోన్ చేస్తే ఏడ్చి ఏడ్చి, చివరికి ఒక్కటే అడిగింది.

"అన్నా, రాత్రి బండి ఎక్కుతున్న. రేపు నాలుగింటికల్ల కాజీపేటల దిగుత. అమ్మ ముఖం సూడనియ్యి. నేనొచ్చేదాంక పాడె లేపకుర్రి."

"ఫికర్ చెయ్యకు. నేనున్న గద" అన్నాను.

సాయంత్రానికల్లా కిరాయికి ఫ్రీజర్ డబ్బా తెచ్చి ముందు గదిలో పెట్టి, అమ్మను అందులో పడుకోబెట్టాం. డబ్బాతో వచ్చినతను ప్లగ్గు పెట్టి అందరికీ వినబడేలా చెప్పాడు. "నడుమల కరెంటు పోయినా పరేషాన్ గాకుర్రి. మూత తియ్యకుంటె మూడు గంటలు సల్లగనే ఉంటది."

మర్నాడు పన్నెండు గంటలకు గాలిదుమారం లేచింది. వాన చుక్క పడలేదు, కానీ సందు చివర కరెంటు స్తంభం ఒరిగింది. ఫ్యాన్లు ఆగాయి. డబ్బా చప్పుడూ ఆగింది. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే "సూస్తున్నం" అన్నాడు. టెంటు హౌస్ జనరేటర్ అడిగితే పెళ్లికి పోయిందన్నారు. గాలి పోయాక ఉక్కపోత మొదలైంది. అరగంటలో డబ్బా అద్దం మీద చెమ్మ పట్టి అమ్మ ముఖం కనబడకుండా పోయింది. అది చూశాక నా కాలు నిలవలేదు.

అమ్మ తల దగ్గర చిన్నమ్మ కూర్చుని ఉంది, అమ్మకు సొంత చెల్లెలు. "ఆగు బిడ్డా. మూడు గంటలు ఆగుతదని ఆయన చెప్పిండు గద. మూత ముట్టకుంటె అయిపాయె" అన్నది.

"నీకేం తెలుసు? సప్పుడు జెయ్యక కూసో!" అని అరిచాను. తోడబుట్టిన అక్కను పోగొట్టుకున్న మనిషి మీద అరిచాను, పది మందిలో.

రెండు సందుల అవతల కరెంటు ఉంది. మన ఇంట్లో లేనప్పుడు, ఉన్నవాళ్లింటి నుంచి వైరు లాక్కోవడం మా వాడకట్టులో అందరికీ అలవాటే. ఒక బల్బుకో ఫ్యానుకో అది సరిపోతుంది. నేనూ అదే చేశాను. దొరికిన సన్నటి వైర్లన్నీ ముడేసి, గోడల మీదుగా, దండేల మీదుగా ఇంటిదాకా లాగాను. ప్లగ్గు పెట్టగానే డబ్బా మూలిగింది. చూశావా అన్నట్టు చిన్నమ్మ వైపు చూశాను. ఆ గొప్ప తలుచుకుంటే ఇప్పటికీ నా ముఖం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే కరెంటు వస్తుందో లేదో చూడటానికి అదే వైరుకు తగిలించిన బల్బు ఎర్రగా, గుడ్డిగా వెలుగుతోంది. షెడ్డులో పనికి చేరిన మొదటి రోజే నేర్పేది ఇది: కరెంటు డిమ్మయితే ముందు మోటరు బందు చెయ్యాలి, లేకుంటే కాలిపోతుంది. ఎంతమంది కొత్తవాళ్లకు నేనే నేర్పాను! బల్బును చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. కాసేపే కదా, నడవనీ అనుకున్నాను.

అరగంట గడిచిందో లేదో కాలిన వాసన వచ్చింది. డబ్బా ఆగిపోయింది. ప్లగ్గు తీసి పెట్టాను, మళ్లీ తీసి పెట్టాను. కంప్రెసర్ మాడిపోయింది.

రెండింటికి కరెంటు వచ్చింది. డబ్బా అతను చెప్పిన మూడు గంటలు ఇంకా కాలేదు. ఫ్యాన్లన్నీ తిరిగాయి, డబ్బా ఒక్కటి కదల్లేదు. ఇంకో డబ్బా కోసం అతనికి ఫోన్ చేస్తే, "ఎండదెబ్బ సావులన్నా, ఉన్న డబ్బాలన్నీ పోయినయ్" అన్నాడు. ఐసు గడ్డలు తెచ్చి, మూత తీసి అమ్మ చుట్టూ పేర్చాం. అవి కరిగి గదంతా నీళ్లయ్యాయి. కాసేపటికి అమ్మ ముక్కు నుంచి ఎర్రటి నీరు కారడం మొదలైంది. చిన్నమ్మ తుడుస్తూనే ఉంది. ముందే చెప్పిన కదరా అని ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

చెల్లెలికి ఫోన్ చేశాను. బండి ఆలస్యమై ఇంకా సికింద్రాబాదే దాటలేదు. మా చిన్నాయిన నా భుజం మీద చెయ్యేసి, "ఇగ ఆపద్దు బిడ్డా. అందరు సూస్తుంటె మనిషిని గిట్ల పెట్టుడు పాపం" అన్నాడు. మింగలేక కక్కలేక తల ఊపాను. నాలుగున్నరకు అమ్మ పాడె లేపాం.

తలకొరివి పెట్టి తడి బట్టలతో ఇంటికి వచ్చేసరికి చెల్లెలు ఆటో దిగుతోంది. బ్యాగు వాకిట్లోనే పడేసి లోపలికి ఉరికింది. అమ్మను పడుకోబెట్టిన చోట దీపం ఒక్కటే ఉంది. ఫ్యాను గాలికి అది ఆరిపోతుందేమోనని రెండు చేతులూ అడ్డుపెట్టి కూలబడింది. చాలాసేపటికి తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యానును చూసింది.

"కరెంటు ఎప్పుడొచ్చిందన్నా?"

"ఇప్పుడే" అన్నాను. "మేం తీస్కపోయినంక."

చిన్నమ్మ నన్ను చూసింది.

చెల్లెలు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఓదార్చాల్సింది నేను, ఓదారుస్తున్నది తను. "ఏడ్వకన్నా. నువ్వు సేసేదంత సేసే ఉంటవ్. కరెంటు, మోటర్ల సంగతి నీకంటె ఎరిగినోడెవడు? నీతోనే కాలేదంటె ఇంకెవ్వలతోని గాదు" అన్నది.

చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. చెల్లెలికి నేను ఇంతవరకూ నిజం చెప్పలేదు.