సంఘానికి పిండిన ద్రాక్ష

ఆడలేక మద్దెల ఓడన్నారట. ఆ సామెత ఎవరి నోట విన్నా నాకు మద్దెల గుర్తుకు రాదు, ఆళ్ళగడ్డలో మా చర్చి సంఘ పెద్ద ద్రాక్ష తోట గుర్తుకు వస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ తోటను తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. మండనీ. చల్లార్చుకోవాలన్న కోరికేమీ నాకు లేదు.

నేను నంద్యాలలో పుట్టి, డెబ్బైల చివర్లో ఆళ్ళగడ్డకు కోడలిగా వచ్చాను. ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసేదాన్ని. మా అత్తకు అక్షరం ముక్క రాదు, కూలి పనికి పోయేది. కానీ మా గుడిలో ప్రభు భోజనానికి ఏడాది పొడుగునా పోసే ద్రాక్షారసం ఆమె చేతిదే. నేను రాకముందు నుంచీ అంతే. ఈస్టరుకు నలభై రోజుల ముందు శ్రమకాలం మొదలవుతుంది కదా, ఆ బుధవారం ద్రాక్ష పిండి, చక్కెర కలిపి, జాడీ మూతికి గుడ్డ కట్టేది. ఈస్టరు పొద్దున గుడ్డ విప్పి వడగట్టేది. ద్రాక్ష సంఘ పెద్ద తోట నుంచి కానుకగా వచ్చేది. ఈ పనికి జీతం లేదు, భత్యం లేదు. అయినా ఒక కూలి ఆడమనిషికి ఆ గుడిలో దక్కిన ఒకే ఒక్క మర్యాద అది. ఈస్టరు నాడు జాడీ చంకన పెట్టుకుని గుడికి నడిచేటప్పుడు ఆమె తల కొంచెం పైకి లేచేది. పెద్దింటి ఆడవాళ్ళు కూడా దారి ఇచ్చేవాళ్ళు.

ఆ మర్యాద ఊరికే రాలేదు. కోతకు పదిహేను రోజుల ముందే ఆమె తోటకు పోయి, పందిరి కింద నిలబడి పోరు పెట్టేది. “నీళ్ళు ఆపప్పా. ఇంగ నీళ్ళు కడితే పండు ఉబ్బుతాది గానీ తీపెక్కదు” అనేది. ఒక పండు కొరికి గింజ అరచేతిలో ఉమ్మి చూసేది. గింజ పచ్చగా ఉంటే కోయనిచ్చేది కాదు. ఈస్టరు ముందుగా వచ్చిన ఏడాది శ్రమకాలం మొదలైనా సరే, పండుకు పంచాంగం తెలియదని చెప్పి పది రోజులు ఆగేది. కోత రోజున మంచు ఆరిందాకా కాచుకుని, ఎండ ముదరకముందే తానే గుత్తులు కత్తిరించేది. గంపలో వేపాకు పరిచి, గుత్తి మీద గుత్తి పడకుండా పేర్చి, నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేది. పండు మీద బూడిదలా ఉండే పొరను కడగనిచ్చేది కాదు, రసం పులియడానికి అదే కావాలనేది. పగిలిన పండు ఒక్కటి కనిపించినా తీసి కోళ్ళకు వేసేది. నేను వచ్చాక పిండడానికి నేనూ చెయ్యి వేసేదాన్ని. మధ్యాహ్నం అన్నాల లోపల జాడీకి గుడ్డ పడాల్సిందే.

ఎనభైల మొదట్లో ఒక ఏడాది ఆ సంఘ పెద్దాయనకు ఆశ పుట్టింది. నంద్యాల మార్కెట్టులో ద్రాక్షకు మంచి ధర పలుకుతోందని ఎవరో చెవిలో వేశారు. ఆ ఏడు యూరియా దండిగా చల్లించాడు. గుత్తుల్ని పలచన చేయకుండా పందిరి వంగేటట్టు వదిలేశాడు. తూకం వస్తుందని కోతకు ముందు రోజు కూడా కాలువ నీళ్ళు కట్టించాడు. మిట్టమధ్యాహ్నం కూలీల చేత కోయించి, గోనె సంచుల్లో కుక్కించి, లారీకెత్తించాడు. అది మార్చి నెల. మా వైపు మార్చి ఎండ ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా? సంచులు నంద్యాలలో రెండు రోజులున్నాయి. అమ్ముడుపోయింది పోగా, ఎవరూ ముట్టనిది మూడో నాడు సాయంత్రం మా వాకిట్లో దిగింది. సంచి అడుగు నుంచి రసం కారుతోంది, చుట్టూ ఈగలు జుయ్యిమంటున్నాయి. దేవుడికి మొదటి పంట ఇవ్వాలని ప్రతి కోత పండుగకూ ఉపన్యాసం చెప్పే మనిషి, దేవుడికి పంపింది అది.

అత్త సంచి విప్పి ముక్కు మూసుకుంది. “ఇది పనికిరాదు నాయనా, తీస్కపో” అంది, తెచ్చిన జీతగాడితో. వాడు పోయి మళ్ళీ వచ్చాడు. దేవుని పనికి ఇచ్చినదాన్ని వద్దంటే పాపమని పెద్దాయన చెప్పి పంపాడట. ఇద్దరం కూర్చుని దీపాలు పెట్టే వేళదాకా ఏరాం. సంచిలో సగం పారేశాం. మిగిలింది నొక్కితే నీళ్ళు తప్ప తీపి లేదు. అత్త చక్కెర ఇంకో రెండు పిడికిళ్ళు పోసింది. ఏం పోసి ఏం లాభం?

ఈస్టరు నాడు పాస్టరు అయ్యగారు గిన్నె ఎత్తి ఒక గుక్క తాగి దగ్గారు. రసం పచ్చి పులుపు, గొంతు కోసుకుపోయే పులుపు. ఆరాధన అయ్యాక గుడి వసారాలో మగవాళ్ళందరూ కూర్చున్నారు. అత్తను, నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టారు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “పండుకేమొచ్చిండాది? నా తోట పండు నంద్యాలంతా తినిండాది. పిండిన చెయ్యి సూడండప్పా. ఎవురో ముట్టు చెయ్యి పెట్టిండారు.”

అత్తకు ఆ వయసు దాటిపోయింది. అందుకని అన్ని కళ్ళూ నా మీదికి తిరిగాయి. అయ్యగారు నేల చూస్తూ, “తప్పుగా అనుకోవద్దమ్మా, ఆ రోజు నువ్వు బయట ఉన్నావా?” అని అడిగారు. నేను ఆయన పిల్లలకు ఎక్కాలు నేర్పే టీచరును. నా భర్త అక్కడే, మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఆ కోపంలో నోరు దానంతట అదే తెరుచుకుంది.

“ఈ యాడు ల్యాదయ్యా. పోయినేడు పిండిననాడు నాకు రెండో దినం. ఆ రసం బాగుండాదని రెండోతూరి గిన్నె కోసరం సూసినోళ్ళు ఎవురెవురో చెయ్యెత్తండి” అన్నాను, తరగతిలో అడిగినట్టే. “ఈ యాడు చెడింది నా చేత్తో కాదు. కోసే ముందు దినం నీళ్ళు కట్టినారు. ఎండలో కోసి, గోనెల్లో ఉడకబెట్టినారు. ఈగలు తినంగా మిగిలింది మాకిచ్చినారు.”

ఒకాయన గబగబా లేచి పోయి నోరు పుక్కిలించాడు. ఏడాది కిందట తాగిన రసానికి! పెద్దాయన మాత్రం, “ఆడదానికి తోట సంగతి యాడ తెలుసు” అని కండువా దులిపి లేచాడు. వచ్చే ఏటి నుంచి రసం పెద్దింట్లోనే చేయాలని అప్పుడే తీర్మానించేశారు. నా పక్కన నిలబడిన అత్త మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక అంది. “పోయినేటిది నాకు తెలుసులేమ్మే. ఆ పొద్దే నీ చీర సూసినా.”

“తెలిసే నాతో పిండించినావా?”

“పండు బాగుండె. ఎండెక్కకముందే పిండల్ల. నిన్ను కూకోబెట్టి ఇంకో మనిషిని పిల్చకొచ్చే లోపల పండు కాగిపోతాది.”

“మరి ఆ మాట ఆడ యాల చెప్పకపోతివి?”

“ఆయప్ప పొలంలోనే కదా మనోళ్ళందరికీ కూలి. రేపు యాడికి పోవల్ల?”

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. చేతికందిన ముంతను గోడకేసి కొట్టాను. ఆమెతో మాట్లాడడానికి నాకు వారం పట్టింది.

మరుసటి ఏడు పెద్దింట్లో పిండారు. అవే నీళ్ళు, అదే ఎండ, అవే గోనెలు. ఈస్టరు నాడు గిన్నె ఎత్తిన అయ్యగారి మొహం అట్లాగే ముడుచుకుంది. ఎవరూ అడగకముందే పెద్దాయన, “ఈ యాడు ఎండలు జాస్తి” అన్నాడు. అవునవునని తలలూపారు. ఏ ఆడమనిషినీ పిలిచి నిలబెట్టలేదు.

అప్పుడు లేచింది అత్త. కొంగుతో మూతి తుడుచుకుని, గుడి మధ్యలో నిలబడి, అందరికీ వినపడేటట్టు అడిగింది.

“ఏమప్పా, ఈతూరి మీ ఇంట్లో ఎవురు ముట్టుండిరి?”

సోమవారం నుంచి పెద్దాయన పొలంలో మా వాళ్ళెవరికీ కూలి లేదు. అత్త ఆ వయసులో రోజూ దొర్నిపాడు దారి పట్టి వేరే పొలాలకు నడిచింది. ఆమెను చూస్తే నాకు గర్వంగానే ఉండేది. కానీ ఆ నోరు ఏడాది ముందు పెగలలేదు. ఆ రోజు అంతమంది ముందు నేను ఒక్కదాన్నే నిలబడ్డాను.

అత్త పోయి చాలా కాలమైంది. నేను ఇప్పటికీ ప్రతి ఆదివారం గుడికి పోతాను, అందరితో కలిసి ప్రార్థన చెబుతాను. మాకు తప్పు చేసినవాళ్ళను క్షమించడం గురించి వచ్చే ఆ ఒక్క చోట మాత్రం నోరు మూసుకుంటాను.