గవాచి వెలుగులో ఈరన్న కంచం

కర్నూలులో మా వంటింట్లోకి సూర్యుడు తొంగి చూసిన పాపాన పోలేదు. మూడు పక్కలా గోడలే. వండినవన్నీ ఫొటోలు తీసి ఈ బ్లాగులో పెడుతుంటాను కదా, పోయిన నెల పెట్టిన పులగం ఫొటో చూసి ఒకావిడ ఇది ఆసుపత్రిలో ఇచ్చినదా అని అడిగింది. ఉడుక్కున్నాను గానీ, ట్యూబ్‌లైటు కింద ఎంత మంచి కూరైనా జ్వరం పడి లేచినట్టే కనిపిస్తుందన్నది నిజం. ఆ వారమే నా డిగ్రీ స్నేహితురాలు సుజాత ఫోన్ చేసింది. ఆమె అత్తగారిల్లు ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లె. ఆమె చేసే ఎండు జొన్న రొట్టెలు, చెనిక్కాయల (వేరుశనగ) పొడి తమ దగ్గర అమ్మి పెడతామని బెంగుళూరులో ఒక అంగడివాళ్లు అన్నారట. నిండుగా వడ్డించిన కంచం ఫొటో ఒకటి ఆదివారం సాయంత్రానికల్లా పంపాలట, అందులో మనుషులు కనపడకూడదట. అది నచ్చితేనే బేరం. వెలుతురు తమ ఇంట్లో కావలసినంత ఉందని, కెమెరా పట్టుకుని వస్తే చాలని చెప్పింది. నాకూ అదే కావాలి.

ఆదివారం పొద్దున ఏడింటికి కర్నూలులో బస్సెక్కాను. కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరు చేరడానికి రెండు గంటల పైనే పడుతుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఖర్చంతా తిండికే. బస్టాండు ఎదుట వేడివేడి బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలకు తిని, షేర్ ఆటోలో ముప్పై ఇచ్చి పల్లెకు పోయాను. దారి పొడుగునా పత్తి చేలు. నా కెమెరా సంచి చూసి ఆటో డ్రైవరు ఎవరి పెండ్లి అని అడిగాడు. రొట్టెలకు ఫొటో తీయడానికి పోతున్నానంటే నవ్వాలో వద్దో తెలియక హారన్ కొట్టాడు.

సుజాత వాళ్లది పాతకాలపు మట్టి మిద్దె. కిటికీలు లేవు. ఇంటి నడుమ పైకప్పుకు ఒక చిన్న కంత ఉంటుంది, దాన్ని గవాచి అంటారు. పదకొండు దాటేసరికి అందులోంచి వెలుగు దిగి, నేల మీద పీటంత మేర పరుచుకుంది. చుట్టూ చీకటి, నడుమ ఆ వెలుగు. నేను డబ్బులు పోసి కొన్న దీపాలు ఏనాడూ అలాంటి వెలుతురు ఇవ్వలేదు. సుజాత వెనక కొట్టంలో పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తడుతోంది. ఆమె అత్త నరసమ్మ గోడకు ఆనుకుని చెనిక్కాయలు ఒలుస్తోంది. సుజాత మొగుడు ఈరన్న లారీ నడుపుతాడు. తెల్లవారకముందే పత్తి లోడు వేసుకుని ఆదోని పోయాడట.

కంచాల గూట్లో అన్నిటికంటే వెడల్పుగా, మెరుస్తూ ఉన్న స్టీలు కంచం తీసుకున్నాను. అంచు మీద చుక్కలు చుక్కలుగా 'ఈరన్న' అని పేరు కొట్టించి ఉంది. ఫొటోలో బాగుంటుందని ఆ పేరు ముందుకు వచ్చేటట్టు తిప్పాను. రెండు రొట్టెలు, గుత్తివంకాయ, పొడి, చీల్చిన ఉల్లిపాయ సర్ది వెలుగులో పెట్టి, కెమెరా తీద్దామని సంచి వైపు తిరిగాను. మళ్లీ చూసేసరికి కంచం లేదు. నరసమ్మ దాన్ని లోపలికి తీసుకుపోయి గంప బోర్లించి, ఏమీ ఎరగనట్టు చెనిక్కాయల దగ్గర కూర్చుంది.

ఈగలు వాలతాయని మూసిందేమో అనుకున్నాను. మళ్లీ తెచ్చి పెట్టి, విసనకర్ర పక్కన ఉంచుకున్నాను. ఉల్లిపాయ సర్దుతుండగానే ఆమె లేచి వచ్చి, నా చేతి కింది నుంచే కంచం లాక్కుపోయింది. ఈసారి దిష్టి అనుకున్నాను. దిష్టి తగలకుండా ఒక ఎండుమిరపకాయ పక్కన పెడతాలే పెద్దమ్మా అని నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. నేనేమైనా తప్పు చేశానా, నేను వచ్చిందే ఇష్టం లేదా, కోడలు రొట్టెలు అమ్ముకోవడం గిట్టదా? ఎటు ఆలోచించినా తలా తోకా తెలియలేదు. సుజాతను అడిగితే అత్తాకోడళ్ల మధ్య చిచ్చు పెట్టినట్టవుతుందేమోనని అడగలేదు.

ఎలాగైనా ఆమెను మెప్పించాలనిపించింది. ఇంకాస్త శుభ్రంగా, ముచ్చటగా పెడితే ఒప్పుకుంటుందేమో. పెరట్లోంచి అరిటాకు ముక్క కోసి కంచంలో పరిచాను. పక్కన ఇత్తడి చెంబుతో నీళ్లు పెట్టాను. రంగు కలుస్తుందని ఒక బంతిపువ్వు ఉంచాను. గవాచి వెలుగు నేరుగా పేరు మీద పడింది. గబుక్కున ఒక ఫొటో తీశాను. నా పదేళ్ల వంటలో, ఫొటోల్లో, అంత బాగా ఏదీ రాలేదు. తలెత్తి చూస్తే నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. రొట్టె పళ్లెంతో లోపలికి వచ్చిన సుజాత ఆ కంచం చూసి ఉన్నచోటనే నిలబడిపోయింది.

చివరికి నరసమ్మే నోరు విప్పింది. "తినే మనిషి లేకుండా నిండుగా వడ్డిస్తే దాన్ని ఎడ అంటాము పాపా. సచ్చిపోయినోళ్లకు పెట్టేది. ఆకు, నీళ్లు, పువ్వు, అన్నీ వరసగా పెట్టినావు. ఆ పేరు నా కొడుకుది. వాడు రోడ్డు మీద ఉండాడు."

నేను గబగబా కంచం తీయబోతే, పెట్టినది ఊరికే తీయకూడదని ఆమె ఆపింది. మరి ఇంతసేపూ ఆమె తీసిందేమిటో నాకు అర్థం కాలేదు. అప్పుడు నీళ్లూ పువ్వూ లేవు కాబట్టి పరవాలేదని సుజాత గొణిగింది. ఆ వెంటనే మొగుడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది, మళ్లీ ఆగిపోయింది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. లేదని ఈ బ్లాగులోనే ఎన్నోసార్లు రాశాను. అయినా ఆ ఫోన్ ఎత్తకపోయేసరికి ఇంకోసారి చెయ్యమని సుజాతను నేనే అడిగాను. నేను పెట్టిన ఒక పువ్వు, అక్కడెక్కడో ఒక లారీ, వాటి మధ్య ఏమీ లేదని నాకు నేను ఎంత చెప్పుకున్నా నా మాట నేనే వినలేదు. ముగ్గురం ఆ కంచం చుట్టూ ఊరికే కూర్చున్నాం. వెలుగు మెల్లగా పక్కకు జరుగుతోంది.

కాసేపటికి ఈరన్నే ఫోన్ చేశాడు. ఆదోని మార్కెట్ యార్డులో లారీలు బారులు తీరి ఉన్నాయట, తన వంతు వచ్చేదాకా క్యాబిన్లో నిద్రపోయాడట. సుజాత స్పీకర్ పెట్టి ఫోన్ అత్త చేతికిచ్చింది.

"తిన్నావా?" అంది నరసమ్మ.

"లేదు మా, బండి దించినాక తింటా."

"అట్ల కాదు. సద్దిమూట ఇప్పు. ఇప్పుడే తిను, నాకు ఇనపడాల."

ఎందుకని అతను అడగలేదు. మూట విప్పిన చప్పుడు, తరువాత ఎండు రొట్టె విరిగిన చప్పుడు, నమిలిన చప్పుడు. అది స్పష్టంగా వినబడ్డాక నరసమ్మ బంతిపువ్వు తీసి అవతల పారేసి, కొడుకు కంచం తన ముందుకు లాక్కుంది. రొట్టె తుంచి వంకాయలో అద్దింది. అక్కడ కొడుకు నములుతున్నాడు, ఇక్కడ తల్లి నములుతోంది. నాకు ఏడుపొచ్చింది. సుజాత నా భుజం తట్టి ఫొటో తీయమంది. ముడతలు పడిన చెయ్యి, తుంచిన రొట్టె, చెదిరిన పొడి, కంచం అంచున సగం కనిపించే పేరు. అదే తీశాను.

ఆ ఫొటోనే సుజాత బెంగుళూరుకు పంపింది. చెయ్యి లేకుండా తీసినది ఉందా అని వాళ్లు అడిగారు. ఉంది, నా కెమెరాలోనే. సుజాతకు చూపించాను. చాలాసేపు చూసి, బాగుందని ఒప్పుకుంది. తరువాత ఫోన్ తీసి 'లేదు' అని రాసి పంపింది. నేనూ ఆమె ముందే దాన్ని తుడిచేశాను. ఇది రాసే సమయానికి ఆ అంగడి నుంచి మళ్లీ మాట రాలేదు.

సాయంత్రం బస్సులో కూర్చున్నా మనసు కుదుటపడలేదు. మనుషులు కనపడని కంచమే అందంగా ఉంటుందని నాకు ఎవరు నేర్పారో గుర్తులేదు. ఇన్నేళ్లుగా ఎన్ని కంచాలు అలా పెట్టి తీశానో, అవి ఎవరి కోసం వడ్డించినట్టయిందో తెలియదు. నరసమ్మ భయం నిజం కాదంటాను. మరి ఆ రొట్టె విరిగిన చప్పుడు వినగానే నాకెందుకు ప్రాణం లేచి వచ్చింది? ఈ రెంటికీ పొత్తు కుదరడం లేదు, కుదిరినట్టు రాయడం నాకు చేతకావడం లేదు.

ఫొటోల కోసం ఆ వైపు పోయేవాళ్లకు ఒక్క మాట. మిద్దె ఇళ్లలో గవాచి వెలుగు పదకొండు నుంచి ఒంటిగంట దాకా బాగుంటుంది, ఆ వేళకు చేరుకోండి. కంచం వడ్డించే ముందు దాని ఎదుట ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఎవరూ దొరక్కపోతే మీరే కూర్చుని, మొదటి ముద్ద తిన్నాకే కెమెరా తీయండి.