వచనం రాయని వార్త

ఈ ఉదయం నోయిడాలో మా ఆఫీసు గోడకు ఒకతను పోస్టరు అంటిస్తున్నాడు. ఉడికించిన మైదా జిగురు వాసనకు సరోజినీ నగర్ క్వార్టర్లో మా ఇల్లు గుర్తొచ్చింది. అక్కడ నాతో పెరిగిన మిత్రులారా, మా డాడీ రిజిస్టరు గుర్తుందా? దానికోసమే మీ ఇళ్లలో పాత పేపర్లు అడిగి తీసుకెళ్లేవాడిని.

భూకంపాలు, యుద్ధాల వార్తలు కత్తిరించి డాడీ అందులో అంటించేవారు. ప్రభువు రాకడకు అవి గుర్తులని ఆయన నమ్మకం. ప్రతి వార్త పక్కనా ఎర్ర పెన్నుతో బైబిలు వచనం నంబరు రాసేవారు. జిగురు రాసే పని నాది, ఏడేళ్ల తమ్ముడు జోయెల్‌ది. ఎండిన జిగురును వాడు వేళ్ల మీంచి పొరలుగా ఊడదీసేవాడు.

"డాడీ, యేసయ్య నా బర్త్‌డే అయ్యాక వస్తే ఠీక్ హై కదా?" అని అడిగాడోసారి.

"నీ కేకు కోసం ప్రభువు ఆగాలేంట్రా?" అని డాడీ నవ్వారు.

"ఆయనొచ్చేలోపు మీరెళ్లి పాలు తెండి," అంది ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరుతున్న అమ్మ.

వాడి పుట్టినరోజు నవంబరులో. ఆ ఏడు అక్టోబరులో డెంగీతో పోయాడు.

రెండు రోజులకు నగరంలో డెంగీ మరణాల గురించి పేపర్లో చిన్న వార్త వచ్చింది. అందులో ఎవరి పేరూ లేదు. డాడీ దాన్ని కత్తిరించారు. నేనొక్కడినే జిగురు రాశాను. ఎర్ర పెన్ను పట్టుకుని ఆయన చాలాసేపు కూర్చున్నారు.

విలేకరినయ్యాక అలాంటి వార్తలు నేనూ రాశాను. పేర్లు మాత్రం అడిగి రాస్తాను.

రిజిస్టరు ఇప్పుడు నా దగ్గరుంది. ఆ వార్త పక్కన ఏమీ రాసి లేదు. తర్వాతి పేజీలన్నీ ఖాళీ.