ఎండు పెన్నకు పోగులు అతికిన తిమ్మరాజు

ధర్మవరంలో తిమ్మరాజును ఎరిగినవాళ్ళలో సగం మందికి అతను పడుగులు అతికే మనిషి. మిగతా సగం మందికి ఆదివారం పూట పొడుగాటి సంచి భుజాన వేసుకుని పెనుకొండ రైలెక్కే మనిషి. ఈ రెండూ ఒకటే పని అని నమ్మినవాడు భూమ్మీద తిమ్మరాజు ఒక్కడే.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే నేతగాడు మొదటి నుంచి మొదలుపెట్టడు. పాత పోగుల కొసలు మగ్గంలోనే ఉంచుతాడు. తిమ్మరాజు వచ్చి, వేళ్ళకు విబూది అద్దుకుని, కొత్త పడుగులోని ఒక్కో పోగును పాతదాని కొసకు మెలిపెట్టి అతుకుతాడు. నాలుగైదు వేల పోగులు. ఏ పోగుకు ఆ పోగే. ఒకటి తప్పిందా, చీర పొడుగునా ఆ తప్పు నడుస్తుంది.

ఇక సంచిలోది బేస్ గిటారు. బ్యాండు పేరు ఎండు పెన్న. వాళ్ళది ఎమో రాక్. అంటే, మనసు విరిగినవాడు ఆ సంగతిని గిటార్లు, డ్రమ్ములు పెట్టి, గొంతు చించుకుని ఊరందరికీ తెలియజేసే సంగీతం. మనవైపు విరిగిన మనసులకు ఎన్నడూ కరువు లేదు గాని, వాటిని ఇంత గట్టిగా చెప్పుకునే అలవాటు లేదు. ఆ లోటును హిందూపురం కుర్రాడు నవనీత్ 2012లో ముగ్గురు మిత్రులతో కలిసి తీర్చాడు. మరుసటి ఏడు మిద్దె మీద ఒక్కడే కూర్చుని ఫోనులో ఒక పాట రికార్డు చేశాడు. ఆపై ఏడాదికే ఎవరికీ చెప్పకుండా బెంగళూరు పోయాడు. అతను ఖాళీ చేసిన చోటులోకి వచ్చినవాడే తిమ్మరాజు.

అటుపైన పదకొండేళ్ళలో బ్యాండులోంచి ఎనిమిది మంది వెళ్ళిపోయారు. పోయేవాడు వచ్చేవాడి పక్కన వారం రోజులు కూర్చుని ప్రతి పాటా అప్పజెప్పి పోవాలన్నది తిమ్మరాజు పెట్టిన శాసనం. మధ్యలో తానుండి, నవనీత్ పాటనైతే ఆ ఫోను రికార్డు పెట్టి, అక్షరం తప్పకుండా సరిచూసేవాడు. చివర ప్రతివాణ్ణీ ఒకే ప్రశ్న అడిగేవాడు. కోపంతో కాదు, నిజంగా తెలుసుకుందామనే.

"పోతే పోతివిలే గాని, పోవాలని మొదట ఎప్పుడనిపిచ్చెనప్పా?"

బ్యాంకు పరీక్షలకు పోయినవాడు "రెండో పాట మధ్యలో" అన్నాడు. మొదటి నలుగురిలో చివరగా మిగిలిన డ్రమ్ముల ఫిరోజ్, పోయిన ఏడు కదిరిలో బ్యాటరీల అంగడి పెట్టుకుంటూ, "పోయినాక అనిపిస్తాదేమో రాజన్నా" అన్నాడు. ఈ జవాబు మీద తిమ్మరాజు నెల రోజులు ఆలోచించాడు.

ఫిరోజ్ పోవడంతో బ్యాండులో మొదటివాళ్ళు ఒక్కరూ లేకుండా పోయారు. ఆ కబురు బెంగళూరు దాకా పోయినట్టుంది. హిందూపురంలో ఎండు పెన్న పాడాల్సిన కాలేజీ వార్షికోత్సవానికి ఎనిమిది రోజులుందనగా నవనీత్ ఫోను చేశాడు.

"ఏమప్పా తిమ్మరాజూ, మీలో మొదటోడు ఒకడన్నా ఉండాడా? పేరు నాది. నేను హిందూపురానికే వచ్చేసినా, మళ్ళా మొదలుపెడతాండా. మీరు వేరే పేరు చూసుకోండి."

"పేరు పెట్టింది నువ్వే, కాదన్లేదు," అన్నాడు తిమ్మరాజు. "ఆదివారం పెనుకొండకు వచ్చి ఒకసారి విను. ఇది ఆ బ్యాండు కాదనిపిస్తే పేరు తీసుకపో."

పెనుకొండలో వాళ్ళు సాధన చేసేది స్టేషను దగ్గరి కోళ్ళదాణా గోడౌనులో. నవనీత్ వచ్చి దాణా బస్తా మీద న్యాయమూర్తిలా ఆసీనుడయ్యాడు. పంతొమ్మిదేళ్ళ సాయిశ్రీ గిటారు పట్టుకుని అతని పాటే ఎత్తుకుంది. నవనీత్ తల ఊగింది. రెండో చరణం మధ్యలో నలుగురూ ఒక్కసారిగా ఆగిపోయారు. నాలుగు క్షణాలు. గోడౌనులో గాలి కూడా కదల్లేదు. మళ్ళీ నలుగురూ ఒక్కసారిగా అందుకున్నారు.

"ఆపండప్పా!" అన్నాడు నవనీత్. "ఆడ ఎందుకు ఆగినారు?"

తిమ్మరాజు గంభీరంగా చెప్పాడు. "గుండె ఆగి మళ్ళా కొట్టుకునే చోటు కదప్పా. నువ్వు పెట్టిందే. రికార్డులో ఉండాది."

నవనీత్ అరిచాడు. "ఆ పొద్దు రికార్డు మధ్యలో కరెంటు పోయిండ్లా!"

గోడౌనులో ఇంకోసారి గుండె ఆగింది. ఈసారి అది తిమ్మరాజుది. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగి, రోజుకు పదిసార్లు కరెంటు పోవడం చూసినవాడు, పదకొండేళ్ళు దాన్ని విరహమని నమ్మి, ఎనిమిది మందికి నేర్పాడు.

"అంటే రాజన్నా," అంది సాయిశ్రీ పకపకా నవ్వుతూ, "మనం ఇన్నేళ్ళూ లైన్‌మన్ చేసిన పాట పాడతాండామా?"

తిమ్మరాజు నవ్వలేదు. గిటారు కిందపెట్టాడు. "అయితే ఇది నువ్వు చేసిన పాట కాదు. ఇది ఆ బ్యాండూ కాదు. మాటంటే మాటే. పేరు తీసుకపో."

"అదేందన్నా, హిందూపురంలో ఫ్లెక్సీ కట్టేసినారు!" అంది సాయిశ్రీ.

నవనీత్ బస్తా మీంచి లేచి, ఆమె గిటారు అడిగి తీసుకున్నాడు. "నాతో ఒకసారి వాయించండప్పా."

వాయించారు. ఆ చోటు రాగానే ముగ్గురు ఆగారు. నవనీత్ చేయి ఒక్కటే ముందుకు పోయి, నడివీధిలో పంచె జారినవాడిలా నిలబడింది. రెండోసారి తానూ ఆగాడు గాని అందరికంటే ముందే అందుకున్నాడు. మూడోసారి భయపడి ఆలస్యంగా అందుకున్నాడు.

"ఎంతసేపు ఆగల్ల?"

"ఏమో. లెక్కేం లేదు," అన్నాడు తిమ్మరాజు. "పక్కోని ఊపిరి చూసి ఎత్తుకోవల్ల."

నవనీత్ గిటారు సాయిశ్రీకి తిరిగి ఇచ్చేశాడు. "ఈ పేరుతో నేను స్టేజీ ఎక్కితే జనాలు ఈ పాటే అడుగుతారు. ఆగకపోతే, వీనికి పాట రాదంటారు. నా పాటే నాకు రాదనిపించుకునేదానికి ఈ పేరెందుకప్పా? మీకాడే ఉండనీ. నేను వేరేది చూసుకుంటా."

తిమ్మరాజు ముఖంలోకి ప్రాణం, దాని వెనకే కుతూహలం వచ్చాయి. "ఏం పేరు పెడతావు?"

"తెలీదు."

స్టేషనుకు నడిచే దారి పొడుగునా తిమ్మరాజు పేర్లు చెబుతూనే ఉన్నాడు.

"ఇసక మేట?"

"సిమెంటు అంగడి పేరు మాదిరి ఉండాది."

"రాత్రి బస్సు?"

"వాంతికొస్తాది."

"ఒంటి చెప్పు?"

నవనీత్ ఒక క్షణం నిలబడి ఆలోచించాడు. "అది కొంచెం బాగుండాది గాని, మా నాయన ఇంట్లోకి రానీడు."

హిందూపురం బండి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి నవనీత్ అరిచాడు. "నువ్వే పెట్టప్పా! కార్యక్రమానికి వచ్చినప్పుడు చెబుదువు!"

తిమ్మరాజు బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి ధర్మవరం బండి వచ్చి, ఆగి, కూత వేసి పోయింది. అతనింకా పేర్లే వెతుకుతున్నాడు.