లారెన్స్ సాబ్ గిటారు

నేను దెయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. ఫిజిక్సులో బీయస్సీ సెకండ్ క్లాసులో గట్టెక్కినవాణ్ణి; ఆ సిలబస్‌లో అవి లేవు.

అరవైల చివర్లో ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి, సుభాష్‌పల్లిలో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. తీరిక వేళల్లో గిటార్లు బాగుచేసేవాణ్ణి. వాయించడం రాదు. దానివల్ల ఇరుగుపొరుగు వారికి మేలే జరిగింది.

బావ స్టీమింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. లారెన్స్ సాబ్ అనే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర చాలాకాలం పనిచేశాడు. ఏం జరిగినా ఇంజను వదిలి దూకకూడదన్నది సాబ్ నేర్పిన మొదటి పాఠం. ఒక చలికాలంలో సాబ్ జబ్బుచేసి చనిపోతూ తన గిటారు బావకిచ్చాడు. దాని మెడ వంగింది. తీగలు వేలికి అందనంత ఎత్తుకు లేచాయి. వాటిని కింద పట్టి ఉంచే బ్రిడ్జి చెక్క ఒక పక్క ఊడింది.

సాబ్ ఐదో తీగను వర్క్‌షాపు హూటర్ స్వరానికి బిగించి, మిగతావి దానికి కలిపేవాడట. మెడ సరిచేశాక నేనూ అలాగే కలిపాను. అప్పట్నుంచి హూటర్ కూసినప్పుడల్లా గోడకున్న గిటారు దానంతటదే సన్నగా మోగేది. అక్క బెదిరింది. స్వరం కలిస్తే తీగ కంపిస్తుందనీ, దాన్ని అనునాదం అంటారనీ చెప్పాను.

"పేరున్నాదని బయం తగ్గిపోద్దేట్రా?" అంది.

ఒక ఆదివారం తీగలన్నీ విప్పేసి, బ్రిడ్జికి బంక పెట్టి, క్లాంపు బిగించి బల్లమీద ఉంచాను. మధ్యాహ్నం బావ గూడ్సు డ్యూటీకి బయల్దేరుతున్నాడు. అప్పుడు బల్లమీద నుంచి హూటర్ స్వరం వచ్చింది. పొడుగ్గా ఒకటి. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ.

ఒక్క కూత అయితే షిఫ్టు. ఆగి ఆగి కూస్తే లైనులో ఎక్కడో ప్రమాదం. అది విన్నాక మా వీధిలో ఏ ఆడమనిషీ లోపల నిలవదు. ఎవరి మనిషి లైనుమీద ఉన్నాడో అడగడానికి గుమ్మంలోకి వస్తుంది. అక్కా వచ్చింది. వీధిలో ఇంకెవరూ లేరు. ఎదురింటి బెంగాలీ ఆవిడ తాపీగా బట్టలు ఆరేస్తోంది.

"దీదీ, హూటర్ కూసిందా?"

"కోయ్, నా తో," అని ఆవిడ తల అడ్డంగా ఊపింది.

నేను గిటారు మీద అరచెయ్యి పెట్టాను. చెక్క వణుకుతోంది. దానిమీద ఒక్క తీగ కూడా లేదు.

అక్క బావ బూట్లు తీసుకుని ఒళ్ళో పెట్టుకుని పీటమీద కూర్చుంది.

"బూట్లియ్యే. లేటయితే బొగ్గుకి బదులు నన్నేసేత్తారు."

"పోయిన ఆ సాబ్ రమ్మంతన్నాడో, ఎల్లొద్దంతన్నాడో తెలీకండా ఇయ్యను. నీ బావమరిదినడుగు, సదువుకున్నోడు కదా."

ఇద్దరూ నావైపు చూశారు. బంక ఆరుతోందన్నాను. ఆరే బంక అలా మోగదని నాకూ తెలుసు.

మోత ఆగింది. అక్క మాత్రం లేవలేదు. బావకు ఆలస్యమైంది, ఇంజన్ల షెడ్డువాళ్ళు ఇంకొక ఫైర్‌మన్‌ని పంపేశారు. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దు వాలుతుండగా అసలు హూటర్ మోగింది, ఆగి ఆగి. ఈసారి వీధంతా గుమ్మాల్లోనే ఉంది. పడిపోయింది బావ వెళ్ళాల్సిన గూడ్సే. ఇంజను ఫైర్‌మన్ నిలబడే వైపుకే ఒరిగిపోయిందట. బదులు వెళ్ళినవాడు దూకేశాడు. కాలు విరిగింది, బతికాడు. బావ అతన్ని చూడ్డానికి రోజూ ఆస్పత్రికి వెళ్ళేవాడు.

"నానయితే దూకను," అన్నాడొకసారి. ఆ సంగతి మాకూ తెలుసు.

అసలు హూటర్ మోగుతున్నంతసేపూ నా చెయ్యి గిటారు మీదే ఉంది. చెక్క కదల్లేదు. తీగలు లేవు కాబట్టి కదలకూడదు; ఫిజిక్సు ప్రకారం అదే సరి. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. ఆ మధ్యాహ్నం దాన్ని మోగించిందేమిటో ఇప్పటికీ చెప్పలేను.